దేవునికి కట్టిన కంకులు

కరీంనగర్‌లో మేం ముగ్గురం అద్దెకున్న ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే ఉండేది. పై అరలో కాగితం కవర్లలో జొన్నగింజలు, కింది అరలో దోసెపిండి. గింజల దగ్గర తడి గిన్నెలు పెట్టకూడదని తలుపు మీద ఒక హెచ్చరిక అతికించి ఉండేది. నేను రోజూ దాన్ని మరచిపోయేదాన్ని, రోజూ తిట్లు తినేదాన్ని. ఆ ఇంట్లో నెలాఖరుకు బియ్యానికి కొదవ ఉండేదేమో గానీ తిట్లకు ఎన్నడూ లేదు.

మేం ముగ్గురం పరిశోధన చేసేవాళ్లం. ఒకామెది వృక్షశాస్త్రం, ఒకామెది వైద్యం, నాది తెలుగు. కింది వాటాలో ఉండే ఇంటామె మా పేర్లు పట్టించుకోలేదు. తన సౌకర్యం కోసం మాకు తనే పేర్లు పెట్టుకుంది: జొన్నల పిల్ల, నెత్తుర్ల డాక్టరమ్మ, పాటల పిల్ల. ఆ పేర్లే స్థిరపడ్డాయి. పోస్టుమ్యాన్ కూడా కింద నిలబడి "జొన్నలమ్మా, పార్సిల్!" అని కేకేసేవాడు.

డాక్టరమ్మ ఆదిలాబాద్ గుట్టల మీది గూడేల్లో నెత్తురు జబ్బు మీద పనిచేసేది. తల్లికీ తండ్రికీ పైకి ఏమీ లేకుండానే బిడ్డకు కీళ్ల నొప్పులై బయటపడే సికిల్ సెల్ జబ్బు అది. గూడెం నుంచి వచ్చిన వారం ఆమె సరిగా తినేది కాదు. మిగతా వారాల్లో మా వేళ్లకు సూది గుచ్చి నెత్తురు శాతం చూసేది. వేలు చాపనివాళ్లకు టీ ఇచ్చేది కాదు. నాకు ఎప్పుడూ శాతం తక్కువే వచ్చేది. "పాటలు పాడి పాడి గాలి తప్ప ఏం మిగలలేదు నీ ఒంట్ల" అనేది.

ఇంటామెకు ఒకటే ప్రశ్న. "దీంతోని ఏమొస్తదే?" డాక్టరమ్మను మాత్రం అడిగేది కాదు, తన మోకాళ్ల నొప్పులకు మాత్రలొస్తాయని ఆమెకు తెలుసు. మమ్మల్నిద్దరినీ మెట్ల మీద పట్టుకునేది. "జొన్నలకు గూడ పట్టా ఇస్తరా? మా అత్త బతికుంటే ఆమెకియ్యాలె ముందుగాల" అని నవ్వేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. జొన్నల పిల్లకు వచ్చేది కాదు. "ఇయ్యాలె అత్తమ్మా, నిజమే" అని ఆమెతోపాటు నవ్వి పైకి వచ్చేది. ఆ పిల్ల స్వభావం నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఆదివారం మధ్యాహ్నాలు మా వాకిలి నిండిపోయేది. యూనివర్సిటీలో చదివే మరికొందరు తలా ఒక కూర పట్టుకొని వచ్చేవారు. కెమిస్ట్రీ పిల్ల నిర్మల్ కొయ్యబొమ్మల రంగుల మీద పనిచేసేది. ఎవరింట్లో పాత బొమ్మ కనిపించినా బతిమాలి దాని రంగు రవ్వంత గీకి తెచ్చుకునేది. మా ఇంటామె కొయ్య చిలుక ముక్కు కొస తెల్లబడింది ఆమె చేతిలోనే. చరిత్ర చదివే అతనిది కాగజ్‌నగర్. కాగితం మిల్లు మూతబడిన ఏళ్లలో కార్మికుల ఇళ్లలో ఏం వండుకున్నారు, ఏం మానేశారు అన్నది అతని విషయం. మిల్లు మళ్లీ తెరిచారని విన్న రోజు అందరికీ మిఠాయి పంచి, "నా థీసిస్‌కు చివరి అధ్యాయం మారిపాయె" అని తల పట్టుకున్నాడు. లెక్కల అతను ఒకడుండేవాడు. అతను తన పని చెప్పడం మొదలుపెడితే మేం అప్పడాలు నమలడం మొదలుపెట్టేవాళ్లం.

ఇప్పుడు నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సెమినార్లకు పోతే ఏసీ గదులు, ప్లాస్టిక్ ఫైళ్లు, మెడలో బిళ్లలు. ఒకరి పని గురించి ఇంకొకరు అడగరు. ఆ వాకిట్లో మాత్రం నెత్తురు గురించి చరిత్ర అతను అడిగేవాడు, పాట గురించి కెమిస్ట్రీ పిల్ల అడిగేది. అంత తెలివి, అంత ఆకలి ఒక్కచోట కలవడం మళ్లీ నేను చూడలేదు. ఆ ఇల్లు పడగొట్టి ఫోన్ల దుకాణం కట్టారు. ఆ వీధిలోంచి పోవాల్సి వస్తే నేను చుట్టు తిరిగి పోతాను.

నా విషయం మా ఇంటిదే. నిర్మల్ దగ్గర మా ఊరిలో తాతల కాలంలో మెథడిస్టు మిషన్ వచ్చింది. కూలిపని చేసుకునే మావాళ్లు విశ్వాసంలోకి వచ్చారు గానీ గొంతులు మార్చుకోలేదు. నాట్లేసేటప్పుడు పాడే బాణీల్లోనే యేసు పాటలు కట్టుకున్నారు. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. వాటిని ఫోన్‌లో రికార్డు చేసి, రాసి, ఏ పాట ఏ పనిలోంచి పుట్టిందో చెప్పడం నా పరిశోధన. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వకు ఇది ఎన్నడూ తలకెక్కలేదు. "మేం పాడిందే మాకు రాసిస్తవ్. దానికి సర్కారోళ్లు నీకు పైసలిస్తరు. మంచిగనే ఉన్నది నీ కథ" అనేది. అని, అడగకపోయినా ఇంకో పాట పాడేది.

జొన్నల పిల్లది కరీంనగర్ పక్కన పెద్ద రైతుల ఇల్లు. ఆమె ఆదిలాబాద్ గుట్టల్లో ఒక గూడెం నుంచి పచ్చజొన్న తెచ్చుకుంది. గింజ పసుపుపచ్చగా ఉంటుంది, వాన మొహం చాటేసినా తట్టుకుంటుంది. ఆ గూడెంలో కూడా అందరూ పత్తిలోకి దిగిపోయి, ఒకే ఒక్క ముసలామె విత్తనం కుండలో మిగిలింది. ఆ విత్తనం వేసి, మంచి మొక్కలు ఏరి, వాటి గింజ మళ్లీ వేసి, అట్లా తరం తరం చూసుకుంటూ వస్తోంది. చివరి తరం ఒక్కటే మిగిలింది. వాళ్ల నాన్నకు నేల బోలెడుంది, కానీ అంతా కాలువ కింద వరి. ఈ జొన్నకు నల్లరేగడి కావాలి, వాన తప్ప వేరే నీళ్లు ఉండకూడదు. ఎక్కడ వేయాలా అని పరేషాన్ అవుతుంటే నేనే అన్నాను, మా బాపు చేన్లో వేద్దాం పద అని.

బాపు సరేనన్నాడు. అవ్వే వెనకాడింది.

"పెద్దోళ్ల బిడ్డ మన చేన్ల పని చేస్తదా? రేపు వాళ్లోళ్లు ఏమన్న అంటె?" అంది నాతో, ఆ పిల్లకు వినబడకుండా.

అవ్వ భయం ఊరికే పుట్టింది కాదు. పెళ్లి కాకముందు ఆమె అట్లాంటి ఇళ్ల పొలాల్లోనే కూలి చేసింది. పొద్దుగూకి ఇంటికి వచ్చేటప్పుడు గట్టు మీద నిలబడ్డ మనిషి ముందర ఆడవాళ్లంతా కొంగులు దులిపి చూపించాలి, గింజ ఏమన్నా మూట కట్టుకున్నారేమోనని. అవ్వ ఆ సంగతి నవ్వుతూ చెప్పేది. నాకు వినడానికే ఒళ్లు మండేది.

జొన్నల పిల్ల మొదటిరోజే చెప్పులు గట్టు మీద విడిచి చేన్లో దిగింది. మధ్యాహ్నం అవ్వ కొత్త స్టీలు గ్లాసు వెతికి కడుగుతుంటే, ఆ పిల్ల కుండ మీది చెంబెత్తి గటగటా తాగి, "అవ్వా, ఆకలైతుంది, ఏమన్న ఉన్నదా?" అంది. అవ్వ కరిగిపోయింది. ఆ తర్వాత శనివారం వస్తే చాలు, నాకంటే ముందు ఆ పిల్లను అడిగేది తిన్నావా అని. నాకు కొంచెం కడుపుమంటగా కూడా ఉండేది.

వానాకాలం గడిచి కంకులు పొడిచాయి. పూతకు ముందే జొన్నల పిల్ల వచ్చి, మంచి మొక్కలు ఎంచుకుని, ఒక్కో కంకికి ఒక్కో కాగితం సంచి తొడిగింది. పక్క మొక్క పుప్పొడి వచ్చి కలవకుండా అది కాపలా. సంచి మూతికి ఎర్ర ఊలుదారం కట్టి, చీటీ తగిలించింది. అవ్వ ఆ రోజు వేరేవాళ్ల పత్తి చేనుకు కూలికి పోయింది. బాపుతో మాత్రం ఆ పిల్ల గట్టిగా చెప్పింది: "నేను చెప్పేదాక గీ సంచులు ముట్టద్దు బాపూ." బాపు తలూపాడు. ఎందుకని అడిగే అలవాటు మా బాపుకు లేదు.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. పంట చేతికొచ్చాక మా చర్చిలో పంటల పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడి ఆ పైసలు సంఘానికి వేస్తారు. అయితే మావాళ్లు ఆ మొదటి పంటను ఇంటికొచ్చాక ఏరరు. చేన్లో ఉండగానే, కంకి పాలు పోసుకునేటప్పుడే, అన్నిట్లోకీ మంచివి చూసి గుడ్డపీలిక కడతారు. కట్టిన కంకిని ఇక ఎవరూ ముట్టరు, ఆఖరికి ఇంటి పిల్లలు కూడా. దాన్ని దేవునికి కట్టిన కంకి అంటారు. పండుగ ముందు రోజు ఇంటి ఆడమనిషి స్నానం చేసి పోయి కోసుకొస్తుంది.

అవ్వ ఎప్పుడో ఒక సాయంత్రం చేనుకు పోయి ఆ ఎర్ర దారాలు చూసింది. మంచి మంచి కంకులన్నీ ఏరి, దుమ్ము పడకుండా సంచి తొడిగి, దారం కట్టి ఉన్నాయి. ఎవరిని అడగాలి? అడగాల్సిన అవసరమే ఆమెకు తోచలేదు. బాపు దగ్గర ఉంటే ఆపేవాడేమో. ఆ వారం పత్తి బండి తోలుకొని ఆదిలాబాద్ మార్కెట్‌కు పోయి అక్కడి వరసలో ఇరుక్కున్నాడు.

పండుగ రోజు మేం ముగ్గురం జగిత్యాల మీదుగా బస్సులో వచ్చి, ఇంటికి పోకుండా నేరుగా చర్చికే పోయాం. నాకు పాటలు రికార్డు చేసుకోవాలి. జనమంతా ఒక్కచోట దొరుకుతారని డాక్టరమ్మ తన సూదుల పెట్టె తెచ్చింది. జొన్నల పిల్లకు మర్నాడు కంకులు కోసే పని. దారంతా ఆ మాటే చెప్పింది. ఆమె గైడు వచ్చే ఎండాకాలంలో రిటైరవుతున్నాడు. ఆమె ఫెలోషిప్ కూడా అప్పటితోనే అయిపోతుంది. ఈ కంకుల గింజ ల్యాబుకు చేరితే థీసిస్ పూర్తయినట్టే. ఏమన్నా తేడా వస్తే మళ్లీ విత్తడానికి ఇంకో వానాకాలం ఆమె దగ్గర లేదు. "రేపటితోని గండం గట్టెక్కుతనే" అంది బస్సు దిగుతూ.

చర్చి లోపల ముందంతా గుమ్మడికాయలు, మిరపకాయల బుట్టలు, పత్తి మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు. అన్నిటికీ నడుమ బల్ల మీద, తెల్ల తువ్వాల పరిచిన చేటలో, కాగితం సంచులు తొడిగిన జొన్న కంకులు. ఎర్ర దారాలు అట్లాగే ఉన్నాయి, చీటీలు అట్లాగే వేలాడుతున్నాయి.

జొన్నల పిల్ల నా చెయ్యి పట్టుకుంది. గోర్లు దిగాయి. నేను లేవబోయాను.

"కూసో" అంది.

"కూసునుడేందే? అవి నీ..."

"కూసో అంటున్న. మీ అవ్వ మాట్లాడుతుంది."

నిజమే, పాస్టరయ్య అవ్వను ముందుకు పిలిచాడు. అవ్వ సంఘంలో పాట అందుకోవడమే గానీ నిలబడి మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు. కొత్త చీర కట్టుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేట అంచు పట్టుకుంది.

"గీ కంకులు నాయి గావు" అంది. "నా బిడ్డ దోస్తుయి. పెద్దోళ్ల బిడ్డ, మన దేవుని ఎర్కనే లేని బిడ్డ. కంకి పొడిచినప్పుడే మంచి మంచియి ఏరి దేవునికని కట్టి పెట్టింది. నేను చెప్పలే. ఎవ్వలు చెప్పలే. నేను వాళ్లసొంటోళ్ల చేన్ల నుంచి కొంగు దులిపి ఇంటికొచ్చిన దాన్ని. గిప్పుడు వాళ్ల బిడ్డ నా చేన్ల దేవునికి కట్టింది. నాకింకేం గావాలె." ఇంకేదో చెప్పబోయి, కొంగుతో మొహం తుడుచుకుని వచ్చి కూర్చుంది.

సంఘమంతా స్తోత్రం అన్నారు. వెనక్కి తిరిగి అందరూ జొన్నల పిల్లనే చూశారు. ఆ పిల్ల లేచి నిలబడి చేతులు జోడించింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ నా చెవిలో "అవి తెరిస్తే పోతయా?" అని అడిగింది. "తెరిస్తే గాదు, కలిస్తే పోతయ్" అన్నాను. మా ఊర్లో ఏం జరగబోతుందో నాకు తెలుసు.

దేవునికి కట్టిన కంకులను వేలంలో గెలిచినవాళ్లు ఇంటికి తీసుకుపోరు. అక్కడే నులిమి, గింజలన్నీ ఒక్క చేటలో కలిపి, ఇంటింటికీ గుప్పెడు పంచుతారు. ఎవరికి వాళ్లు తమ విత్తనంలో దీవెనగా కలుపుకుంటారు.

వేలం మొదలైంది. జొన్నల పిల్ల తనే పాట పాడింది. ఒక్కటే దారి, కొనుక్కోవడం. మా పెద్దబాపు, అంటే మా బాపు అన్న, వెంటనే పై పాట పాడాడు. ఆ పిల్ల పెంచింది. పెద్దబాపు ఇంకా పెంచాడు. నేను కూడా గొంతు కలిపాను. పెద్దబాపు నవ్వుతూ మా వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్విచ్చిన కంకులు నువ్వే కొనుక్కపోతవా? సుట్టం తెచ్చిన కానుక మేం చౌకగ ఇడిస్తే మా ఇజ్జత్ ఏం గావాలె?"

అందరూ చప్పట్లు కొట్టారు. మేం ఎంత పెంచితే ఆయనకు మా మీద అంత ప్రేమ పెరుగుతోంది. ఊర్లో తగాదా అయితే ఓడిపోవడానికి వెనకాడని మనిషి, మర్యాద చేయడంలో మాత్రం ఎవరికీ ఓడిపోడు. మా ముగ్గురి పర్సులూ ఖాళీ అయ్యేదాకా పాడి, ఓడిపోయాం. పెద్దబాపు చేట ముందర కూర్చుని, పంచె సర్దుకొని, మొదటి సంచి మూతి దారం మీద వేలు వేశాడు.

"చించకు పెద్దబాపూ!"

ఆ కేక నాదే. చర్చి కప్పు ఎగిరిపోయిందేమో అనిపించింది. కోళ్లు కూడా ఊరుకున్నాయి. జొన్నల పిల్ల నా కొంగు లాగుతోంది. నేను ఆగలేదు. నా కోపానికి కళ్లెం లేదని అందరికీ తెలుసు.

"అవి దేవునికి కట్టినయి గావు. సదువుకు కట్టినయి. వేరే గింజ గలవకుంట సంచులు తొడిగింది. ఆమె ఇన్నేండ్ల కష్టం గా కంకులల్లనే ఉన్నది. గవి కలిస్తే ఆమె సదువు గీడనే ఆగిపోతది."

ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. అనకపోతే ఆ గింజ పోయేదే. కానీ అన్న మరుక్షణం అవ్వ మొహం చూశాను. అది మాత్రం ఇప్పటికీ మరచిపోలేదు. సరిగ్గా అప్పుడే బాపు మార్కెట్ నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, చేట వైపు చూసి అక్కడే నిలబడిపోయాడు.

అవ్వ లేచింది. తిన్నగా పోయి పెద్దబాపు ముందర నుంచి చేట తీసుకుంది. దేవుని ముందర పెట్టింది వెనక్కి తీయడం మా చర్చిలో ఎవరూ ఎన్నడూ చేయలేదు. 

"ఇయ్యనిది తెచ్చి దేవునికి పెట్టిన" అంది అవ్వ, అందరికీ వినబడేటట్టు. "ఇది కానుక గాదు. అడగకుంట కోసిన. నా జన్మల పరాయోళ్ల గింజ ఒక్కటి ముట్టలే. గిప్పుడు ముట్టిన."

చేట తెచ్చి జొన్నల పిల్ల ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల మొహం వైపు చూడలేదు. పక్కకు జరిగి తల వంచుకొని నిలబడింది.

జొన్నల పిల్ల ఒక్కో సంచి తడిమి చూసింది. అన్నీ బిగువుగానే ఉన్నాయి. బతుకుజీవుడా అని నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఆ పిల్ల చేటలోంచి ఒక కంకి బయటికి తీసింది. అది ఏదో నాకు తెలుసు. దాని గురించి కరీంనగర్ ఇంట్లో వారాల తరబడి విన్నాను. అన్నిట్లోకీ ముందు పొడిచింది, అన్నిట్లోకీ బరువైంది, ఆమె తన థీసిస్‌లో దీని గురించే ఎక్కువ రాద్దామనుకున్నది. దారం విప్పింది. చీటీ తీసి గుప్పిట్లో పెట్టుకుంది. సంచి తీసేసింది. పసుపుపచ్చ కంకి నిండుగా బయటపడింది.

ముందుకు నడిచి దాన్ని తువ్వాల మీద పెట్టింది.

"ఇది నేనే ఇస్తున్న" అంది. "అవ్వ ముందుగాల చెప్పింది నిజమే."

పెద్దబాపు దాన్ని నులిమాడు. గింజలు ఇంటింటికీ పంచారు. ఒక ఇంటికి చిటికెడు కూడా రాలేదు, అయినా అందరూ రుమాళ్లలో కట్టుకున్నారు. పాట ఎవరు ఎత్తుకున్నారో నాకు తెలియదు. నేను రికార్డు చేయడం మరచిపోయాను. ఆ రోజు డాక్టరమ్మ పెట్టె దగ్గరికి నెత్తురు చూపించుకోవడానికి వచ్చింది పెద్దబాపు ఒక్కడే. సూది గుచ్చితే అరిచాడు కూడా.

తిరుగు బస్సులో నేను ఆ పిల్లను వదల్లేదు. "అన్నీ చేతికొచ్చినంక గది ఎందుకిచ్చినవే? ఇయ్యాలంటే చిన్నది ఏదన్న ఇయ్యకపోయినవా?"

"నేను ఇచ్చిన అని మీ అవ్వ అందరి ముంగట చెప్పింది. అన్నీ తీసుకుంటే ఆమె మాట అబద్ధమైతది. ఏదో చిన్నది పెడితే అది ఇచ్చినట్టెట్లయితది?" అని కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి ఏడ్చింది. ఏడవదా మరి, ఏళ్ల తరబడి సాకిన కంకి. నేనూ ఏడ్చాను. డాక్టరమ్మ ఇద్దరికీ చెరో అరటిపండు ఇచ్చింది.

అవ్వ మాత్రం ఆ రోజు నుంచి ముడుచుకుపోయింది. చర్చిలో ముందు వరసలో చాపేసుకునే మనిషి వెనక గోడ దగ్గరికి మారింది. పాట అందుకోవడం మానేసింది. జొన్నల పిల్ల ఎప్పటిలాగే వచ్చేది, చెంబెత్తి నీళ్లు తాగేది, "అవ్వా, ఏం వండినవ్?" అనేది. అవ్వ వడ్డించేది, కూరలో ఇంకో గరిటె వేసేది, మాట్లాడేది కాదు. "ఎందుకే గట్లుంటవ్? ఆమె ఏమన్నదని?" అని నేను గొడవపడితే, "ఏమనలే. అంటె బాగుండు" అనేది. "గంత మంచి కంకి నా పిచ్చి వల్ల పోయింది. రేపు ఆమె సదువు ఆగితే ఆ పాపం నాదే."  థీసిస్ అయ్యేదాకా ఆ మాటే అనేది.

చలికాలమంతా ఆ పిల్ల ల్యాబులో ఉంది. మిగిలిన కంకులతో పని నడిచింది, కానీ పట్టికలో ఆ ఒక్కటి ఉండాల్సిన చోట ఖాళీ. మొలక లేదు, బరువు లేదు, లోపల ఏముందో లెక్క లేదు. ముందుగా పొడిచిందని, అన్నిట్లోకీ మంచిదని రాసి, గింజ మాత్రం లేదు అంటే పరీక్షకు వచ్చే పెద్దమనిషి ఊరుకుంటాడా? గైడు మంచివాడు. ఉపాయం చెప్పాడు. "పిట్టలు తిన్నాయని రాసేయమ్మా. జొన్న మీద థీసిస్ రాసిన ప్రతివాళ్లూ ఎక్కడో ఓ చోట రాసేదే. ఎవరూ అడగరు."

ఆ పిల్ల వచ్చి మాకు చెప్పింది. డాక్టరమ్మ, నేను ఇద్దరం ఒక్క గొంతుతో "రాయి మరి" అన్నాం.

"చర్చిల నిలబడి నేనే ఇచ్చిన అన్న. పుస్తకంల పిట్టలు తిన్నయని ఎట్ల రాయాలె?" అంది.

మొండిది. ఇంటామె మాటలకు నవ్వి ఊరుకునేది గదా అని మెత్తనిది అనుకున్నాం. మేం ఎంత చెప్పినా వినలేదు. గైడు తల పట్టుకుని సంతకం పెట్టాడు.

నోటి పరీక్ష రోజు అవ్వను బలవంతంగా తీసుకొచ్చాం. యూనివర్సిటీలో ఆ పరీక్షకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. జొన్నల పిల్ల తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చున్నారు. ఆ తల్లి అవ్వను ముందుకు రమ్మని పిలిచింది. అవ్వ రాలేదు. బాపుతో, నాతో ఆఖరి బెంచీ మీద కూర్చుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు సన్నగా, కళ్లద్దాలు ముక్కు కొసకు దించుకుని, ప్రతి పేజీకి ఒక కాగితం ముక్క పెట్టుకొచ్చాడు. గంటసేపు ఇంగ్లీషులో ప్రశ్నలు అడిగాడు. ఆ పిల్ల చెబుతూనే ఉంది. ఆఖరికి ఒక పేజీ దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఈ మొక్క మీ దగ్గర అన్నిట్లోకీ మంచిదని మీరే రాశారు. గింజ ఫలితాలు లేవు. కారణం దగ్గర, గ్రామ చర్చికి ఇవ్వబడినది అని ఉంది. ఇదేమిటి?"

హాలులో చిన్నగా నవ్వులు. గైడు కిందికి చూశాడు. అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

"చర్చి అంటుండు. ఏందే? ఏమైంది? ఆగిందా?"

"ఆగు అవ్వా."

జొన్నల పిల్ల నీళ్లు తాగింది. "ఆ చేను ఆ ఊరివాళ్లది సార్" అంది, ఇంగ్లీషులోనే. "ఆ ఊర్లో మొదటి పంటను దేవునికిస్తారు. నేను ఆ కంకి ఇచ్చాను. గింజలు ఊరందరికీ పంచారు. నష్టం కాలేదు సార్, ఇచ్చాను. అందుకే అట్లా రాశాను."

పరీక్షకుడు ఆ పేజీలో ఏదో రాసుకున్నాడు. ఆ ఖాళీ వల్ల ఆమె వాదన ఎక్కడ బలహీనపడిందో విడమరిచి చెప్పాడు, అది ఆమె ఒప్పుకుంది. తర్వాత పేజీ తిప్పాడు. ఇంకో రెండు ప్రశ్నలడిగి, పుస్తకం మూసి, లేచి, ఆమెకు చెయ్యి ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "అయిందే! పాసయింది!" అని నేను బెంచీ మీద కొట్టాను.

అవ్వ కొట్టలేదు. "చర్చి అని ఎందుకన్నడో చెప్పు ముందుగాల" అంది.

చెప్పాను. పిట్టలు తిన్నాయని రాయమని గైడు చెప్పిన సంగతి, ఆ పిల్ల రాయనన్న సంగతి, అంతా చెప్పాను.

"పుస్తకంల రాసిందా?"

"రాసింది."

"ఇచ్చిన అని రాసిందా?"

"ఇచ్చిన అనే రాసింది అవ్వా."

అవ్వ కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. తుడుచుకోలేదు. ముందు వరసలో అందరి నడుమ నిలబడ్డ ఆ పిల్లను చూస్తూ, "పిచ్చిది" అంది. "పిట్టలు తిన్నయని రాస్తే అయిపోతుండె గదా." ఆ మాట అంటూనే లేచి, బెంచీలు తప్పించుకుంటూ, ముందు వరస దాకా నడిచింది.